ఇంటిలోని యుద్ధవిమానము: ఏది లోపము, ఏది నిజము?

గత వేసవిలో ఒక సాయంకాలము మా అన్నగారి కుమారుడు మమ్ము తన గదికి పిలిచెను. వారి యిల్లు భైంసాలో పత్తి బజారునకు దగ్గర. గదిలో కంప్యూటరు తెరమీద ఒక జెట్ యుద్ధవిమానము రన్‌వే చివర నిలిచి యుండెను. "కాకా, గీ ఇమానం ఖరాబైంది. లేవంగనే కుడిదిక్కు గుంజుతున్నది. పైసలన్నీ మునిగినయ్" అని అతడు చెప్పెను. ఆ పైసలు తండ్రి పత్తి అమ్మిన సొమ్ములోనివి. తండ్రి గుమ్మములో నిలిచి, ఏమియు అనకుండ మా ముఖము చూచుచుండెను.

ఆ సాయంకాలము మొదలుకొని రెండు నెలలపాటు ఆ యంత్రముతో కుస్తీ పట్టి తెలిసికొన్న సంగతులనే ఇచ్చట మనవి చేయుచున్నాము. ఇట్టి ఇంటి సిమ్యులేటరులు ఇప్పుడు చిన్న ఊళ్లలోను కనబడుచున్నవి గనుక, మా అనుభవము ఇతర గృహస్థులకు కొంత పనికివచ్చునని తలంపు. వానిలో మాకు మిక్కిలి ఆశ్చర్యము కలిగించినది ఒక్కటి కలదు. కుర్రవాడు లోపములని ఫిర్యాదు చేసినవానిలో కొన్ని లోపములే కావు; అవి నిజమైన విమానపు గుణములు. హాయిగా నడచుచున్నదని అతడు మెచ్చుకొన్న చోటనే అసలు లోపము దాగి యుండెను.

ఈ తేడా తెలిసికొనవలసిన అవసరము మా యింటికి ఎక్కువగా ఉన్నది. కుర్రవాని కోరిక వైమానిక దళమున చేరి విమానము నడుపుట. భైంసాకు దక్షిణముగ, నేరుదారిని సుమారు 170 కిలోమీటర్ల దూరములో దుండిగల్ వైమానిక దళ అకాడమీ ఉన్నది. అట్టి చోటికి పోదలచినవాడు ముందుగా పైలట్ పనికి తగిన నేర్పు కలదా యని తేల్చు పరీక్షకు కూర్చుండవలెను. అందు తెర ముందు కూర్చుండి చేతితో కఱ్ఱను, కాళ్లతో పెడళ్లను నడుపవలసి యుండును. ఆ పరీక్ష జీవితములో ఒక్కమారే. తప్పినవానికి విమానము నడుపు శాఖలో మఱల అవకాశము లేదు. కావున ఇంటి యంత్రము అతని చేతులకు మంచి అలవాటు నేర్పుచున్నదా, చెడ్డ అలవాటు నేర్పుచున్నదా యను ప్రశ్న మాకు ఆట ముచ్చట కాదు.

నేలమీద కూర్చుండి ఎగురుట నేర్చుకొను ఉపాయము క్రొత్తది కాదు. 1929లో అమెరికాలోని బింగ్‌హామ్టన్ పట్టణమున ఎడ్విన్ లింక్ అనునాయన అట్టి యంత్రమును తయారుచేసెను. ఆయన తండ్రి కార్ఖానాలో ఆర్గనులు, తమంత తాము మ్రోగెడి పియానోలు చేయుచుండిరి. హార్మోనియము తిత్తిని ఊదుట ఎరిగిన మనవారికి ఆ యంత్రము తేలికగా బోధపడును. అట్టి తిత్తులలో గాలిని నింపుచు, తీయుచు, పెట్టెవంటి ఒక చిన్న విమానమును ఆయన అటునిటు ఒరగునట్లు చేసెను. మొదట దానిని వినోదశాలలలో పెట్టి పిల్లలను ఎక్కించిరి. 1934లో అమెరికా సైన్యము విమానములలో తపాలా మోయు పనిని చేపట్టి, చెడ్డ వాతావరణములో వరుసగ పైలట్లను పోగొట్టుకొన్న తరువాత, ఆరు లింక్ యంత్రములను కొనెను.

నేటి ఇంటి సిమ్యులేటరులలో రెంటిని చెప్పిన చాలును. మైక్రోసాఫ్ట్ వారి ఫ్లైట్ సిమ్యులేటరు 1982లో పుట్టి, 2020 ఆగస్టులో వెలువడిన రూపమున భూగోళమంతటిని ఆకాశమునుండి తీసిన చిత్రములతో చూపుచున్నది. 2024 నవంబరులో దానికి మరియొక రూపము వచ్చెను. రెండవది ఈగిల్ డైనమిక్స్ వారి డి.సి.ఎస్. వరల్డ్. ఇది ప్రత్యేకముగ యుద్ధవిమానముల కొఱకు పుట్టినది. సిమ్యులేటరు ఒకటి, అందు నడపెడి విమానములు వేరు. వానిలో కొన్ని దానితోనే వచ్చును. తక్కినవానిని విడిగ కొని చేర్చుకొనవలెను. వీనినే యాడ్-ఆన్‌లు, అనగా అనుబంధములు అందురు. గ్రామఫోను పెట్టె ఒకటి, రికార్డులు వేరు అనుకొన్న సరిపోవును.

ఒక చిత్రమైన సంగతి. డి.సి.ఎస్.లో మిగ్-21 బిస్ విమానమును ప్రతి మీటతో సహా నడుపవచ్చును. కాని అందలి భూభాగములు కాకసస్, సిరియా, నెవాడా వంటివి, మన దక్కను లేదు. మైక్రోసాఫ్ట్ సిమ్యులేటరులో బాసర గోదావరి గట్టు కలదు, భైంసా ప్రక్కనే గడ్డెన్న వాగు జలాశయము కలదు. కాని అచ్చటి యుద్ధవిమానములకు ఆయుధములు పేలవు, లోపలి యంత్రభాగములు ఒక్కొక్కదానిలో ఒక్కొక్క రీతిగ సగము సగము పనిచేయును. విమానము నిజమైన చోట మన ఊరు లేదు; మన ఊరు ఉన్నచోట విమానము పూర్తిగ నిజము కాదు. మావాడు రెంటిని ఉంచుకొనెను.

ఇక కుడివైపు లాగిన విమానము సంగతి. ఇది మైక్రోసాఫ్ట్ సిమ్యులేటరు కొఱకు కొన్న అనుబంధము. రేడియో పలుకనప్పుడు తెలిసినవాడు మొదటనే పెట్టె విప్పడు. కరెంటు వచ్చుచున్నదా, తీగ ఊడినదా, ఏరియలు నిలిచియున్నదా, వేరొక స్టేషను పలుకుచున్నదా యని చూచును. మేమును ఆ వరుసనే పట్టితిమి. కొన్న విమానమును ప్రక్కన పెట్టి, సిమ్యులేటరుతో ఉచితముగ వచ్చిన చిన్న పంకా విమానమును నడిపి చూచితిమి. పంకా ఒకటే గల విమానము పైకి లేచునప్పుడు సాధారణముగ ఎడమకు లాగును. ఇది కుడికి లాగినది! గాలి వీచకుండ వాతావరణమును మార్చితిమి, అయినను కుడికే. కొన్న అనుబంధము నిర్దోషి యని అచ్చటనే తేలినది.

తరువాత కంప్యూటరునకు తగిలించిన పరికరముల పట్టికను తెరచితిమి. చేతికఱ్ఱ ఒకటి, పెడళ్లు ఒకటి, వీనికి తోడు మూడవది కనబడినది. అది రెండేండ్ల క్రిందట ఆటలకై కొన్న చేతిపట్టు పరికరము. అలమారలో బట్టల నడుమ పడియుండి, తీగ లేకయే కంప్యూటరుతో మాటలాడుచున్నది. దాని బొటనవ్రేలి మీట ఒకవైపునకు నొక్కుకొని యుండెను. సిమ్యులేటరులు తగిలిన ప్రతి పరికరమునకు తమంత తామే పనులు అప్పగించు అలవాటు కలవి. పెడళ్లు నిటారుగ పొమ్మనుచుండగా అలమారలోని పరికరము కుడికి పొమ్మనుచుండెను. దానిని ఆర్పివేయగనే విమానము తిన్నగ పోయెను. గుమ్మములో నిలిచినవారు ఆనాడు మొదటిసారి లోనికి వచ్చి కూర్చుండిరి.

ఒక కొలతకు ఒక్క పరికరమే యుండవలెను. ఇంటిలో ఈ చిక్కులు పడువారు మొదట చూడవలసినది ఇదియే. సగము ఫిర్యాదులు ఇచ్చటనే తీరును. చేతికఱ్ఱ కదలింపకున్నను విమానము ఉలికిపడుచున్నచో పాత రేడియోలోని వాల్యూము మీటను గుర్తుచేసికొనుడు. తిప్పినప్పుడు అది గరగరలాడెడిది. లోపలి నిరోధకపు పట్టీమీద దుమ్ము చేరుటయో, పట్టీ అరుగుటయో దానికి కారణము. చవుక చేతికఱ్ఱలలో నేటికిని అదే పద్ధతి పరికరమే కలదు, అదే జబ్బు. అయస్కాంతముతో కొలత తీసికొను రకమునకు రాపిడి లేదు గనుక ఆ జబ్బు లేదు. ఇరువది నిమిషములు ఆడిన తరువాత పరికరములు ఉన్నట్టుండి మూగవోయినచో, విద్యుత్తు పొదుపు కొఱకు కంప్యూటరే వానికి సరఫరా నిలిపియుండవచ్చును. ఆ పొదుపు ఏర్పాటును తీసివేయవలెను.

రెండవ ఫిర్యాదు మిగ్-21 మీద. "దిగేటప్పుడు రాయి తీర్గ పడ్తున్నది" అని. ప్రతిమారు రన్‌వేకు కొంచెము ముందే నేలకు తగిలి చక్రములు విరిగిపోవుచున్నవి. అతడు మఱల కొనుగోలు తప్పైనదని నిశ్చయించుకొనెను. ఇచ్చట మాత్రము మేము తొందరపడలేదు.

చిన్న సెస్నా-172 విమానము నిండు బరువు సుమారు 1,100 కిలోలు. రెక్కల వైశాల్యము సుమారు 16 చదరపు మీటర్లు. ఒక చదరపు మీటరు రెక్క మోయునది సుమారు 70 కిలోలు. మిగ్-21 బిస్ ఎగురునప్పటి బరువు సాధారణముగ 8,700 కిలోల ప్రాంతము. రెక్క 23 చదరపు మీటర్లే. అనగా ఒక్కొక్క చదరపు మీటరుమీద సుమారు 380 కిలోలు. ఆ విమానము రెక్కల కొననుండి కొనకు వెడల్పు 7 మీటర్ల పైన కొంచెము మాత్రమే. మా ఊరికి పత్తి తెచ్చు లారీ పొడవంత కూడ లేదు. అంత చిన్న రెక్క అంత బరువును మోయవలెనన్న వేగము ఒక్కటే దారి. అందుచేత అది నేలకు దిగునది గంటకు 300 కిలోమీటర్ల దరిదాపు వేగముతో.

ఇంతియే కాదు. ఈ బిస్ రకములో దిగునప్పుడు రెక్కల వెనుక రేకులను క్రిందికి దించి, ఇంజనులోనుండి తీసిన గాలిని వానిమీద ఊదుదురు. ఆ ఊదుట వలన రెక్కకు అదనపు బలము వచ్చును. ఇంజను వేగము తగ్గించినచో ఊదెడి గాలియు తగ్గును; గాలి తగ్గగనే ఆ బలము జారిపోవును. మఱల వేగము పెంచినను జెట్ ఇంజను వెంటనే అందుకొనదు, కొన్ని క్షణములు తీసికొనును. నేల చేరువలో ఆ క్షణములు లేవు. మావాడు ఏమి చేయుచుండెను? చిన్న విమానములో నేర్చుకొన్న అలవాటు చొప్పున రన్‌వే కనబడగనే థ్రాటిలును పూర్తిగ వెనుకకు లాగుచుండెను. విమానము రాయివలె పడుట లోపము కాదు. ఆ అనుబంధమును చేసినవారు ఇంజనుకు రెక్కకు గల ఆ సంబంధమును విడువక పెట్టినందున జరిగిన పని అది. నేల తాకు వరకు థ్రాటిలును కొంత నిలిపియుంచుమని చెప్పితిమి. నాలుగవ ప్రయత్నమున చక్రములు నిలిచినవి.

ఆ రాత్రి అతనికి ఒక చరిత్ర చెప్పితిమి. మన వైమానిక దళములో 1963లో చేరిన మిగ్-21కు 2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో వీడ్కోలు పలికిరి. చాలకాలము మన యువ పైలట్లు నెమ్మదియైన కిరణ్ శిక్షణ విమానమునుండి, తగిన నడిమి మెట్టు లేకయే, ఈ పొట్టి రెక్కల విమానమునకు పోవలసి వచ్చెను. 1982లోనే ఎయిర్ మార్షల్ లా ఫాంటైన్ గారి అధ్యక్షతన ఏర్పడిన సంఘము జెట్ శిక్షణకు ప్రత్యేక విమానము కావలెనని చెప్పెను. హాక్ శిక్షణ విమానములు మనకు దగ్గరనున్న బీదరు స్థావరమున సేవలో చేరినది 2008లో. నడుమ గడచినవి 26 సంవత్సరములు. కుర్రవాడు తెరమీద మూడుమారులు చక్రములు విరుగగొట్టుకొన్నచోటనే నిజమైన యువకులు కొందరు ప్రాణములు పోగొట్టుకొనిరి. అతడు చాలసేపు మాటలాడలేదు.

లోపమనిపించి లోపము కానివి మరికొన్ని కలవు. ఎఫ్-16, ఎఫ్-18 వంటివానిలో ఇంజను నడచుచున్నను దిక్కు చూపు యంత్రము తన్ను తాను సరిచూచుకొనుటకు కొన్ని నిమిషములు నేలమీద కదలక నిలువవలెను. ఓపికలేక కదలించినచో పటములో విమానము ఒకచోట, నిజముగ మరియొకచోట ఉండును. మీటలు వరుస తప్పి వేసినచో ఇంజను రాజుకొనదు. ఇవి నిజమునకు దగ్గరి గుణములే. కాని థ్రాటిలు చివరవరకు తోసినను మంట వెలుగకున్నచో అది అనుకరణ గొప్పతనము కాదు. చేతిమీట చివరకు పోయినను కంప్యూటరునకు నూటికి తొంబదియెనిమిది మాత్రమే చేరుచుండవచ్చును. కొలత సరిచేసికొన్న చాలును.

ఇక అసలు దోషి. కుడికి లాగిన కేసులో నిర్దోషిగ విడుదలయైన ఆ మొదటి అనుబంధమే! మిగ్-21 పాఠము అయిన తరువాత మాకు అనుమానము కలిగి దానిని పరీక్షించితిమి. పేరు గొప్ప యుద్ధవిమానము. మెరుపు చూచిన కన్ను చెదరును. లోపలి మరమేకులు కూడ లెక్కింపవచ్చును. కాని దానిని గంటకు 200 కిలోమీటర్లకు తగ్గించి, ఇంజను దాదాపు ఆర్పి, రన్‌వే మీద పతంగివలె తేలించి దింపవచ్చును. నిండు ఇంధనముతోను, పావు ఇంధనముతోను ఒకే దూరములో పైకి లేచుచున్నది. ఎంత తీవ్రముగ మళ్లించినను వేగము తరుగుట లేదు. నిజమైన జెట్ గట్టిగ మళ్లినప్పుడు వేగమును ఖర్చుపెట్టి మళ్లును. బరువు పెరిగినకొలది ఎక్కువ దూరము పరుగెత్తును. వేగము తగ్గిన స్థితిలో ముక్కు ఇంకను ఎత్తినచో పైకి పోవుటకు బదులు మరింత దిగును. ఈ మూడు పరీక్షలకు పావుగంట చాలును, ఏ పుస్తకము అక్కరలేదు. అయితే ఒక జాగ్రత్త చెప్పవలెను. ఎఫ్-16 వంటివానిని, 2001 జనవరి 4న మొదటిసారి ఎగిరిన మన తేజస్‌ను, పైలట్ చేతికి విమానపు రేకులకు నడుమ కంప్యూటరు నిలిచి నడపును. అవి నిజముగనే నున్నగ నడచును. నున్నగ నడచుట తప్పు కాదు. బరువు, వేగము లెక్కలోనికి రాకపోవుట తప్పు.

ఆ విమానమును పారవేయలేదు. దానితో ఊరు చూడవచ్చును గదా! నాందేడ్ విమానాశ్రయమునుండి లేచినచో భైంసా నేరుదారిని సుమారు 70 కిలోమీటర్లు. ఇక్కడ మరియొక చిక్కు కలదు. నేల చిత్రములు ఎప్పటికప్పుడు ఇంటర్నెట్టు ద్వారా రావలెను. 900 కిలోమీటర్ల వేగమున విమానము నిమిషమునకు 15 కిలోమీటర్లు పోవును. మా ఊరి కనెక్షను అంత వేగముగ చిత్రములను అందింపలేకపోయెను. భైంసా వచ్చునప్పటికి క్రింద బురద పూసినట్టు మసక, నేల తేరుకొనునప్పటికి మేము నిర్మల్ దాటుచుంటిమి. చిన్న విమానములో ఈ ఫిర్యాదు ఎన్నడును రాలేదు. ఆ ప్రాంతపు చిత్రములను ముందుగా డిస్కుమీదికి దింపుకొను ఏర్పాటు 2020 నాటి రూపములో కలదు. అది చేసికొన్న తరువాత నేల తేటపడినది.

చేర్చుకొన్న విమానము పట్టికలో కనబడనే కనబడకున్నచో ఎక్కువగ పెట్టెలో పెట్టె దోషము. మైక్రోసాఫ్ట్ సిమ్యులేటరులో బయటి అనుబంధములను కమ్యూనిటీ అను ఫోల్డరులో ఉంచవలెను. మానిఫెస్ట్, లేఅవుట్ అను రెండు ఫైళ్లు విమానపు ఫోల్డరు తెరవగనే కనబడవలెను. ఇంకొక ఫోల్డరు లోపల పడియున్నచో సిమ్యులేటరు వానిని చూడదు. సిమ్యులేటరును నవీకరించిన మరునాడు అంతయు తలక్రిందులైనచో, ఆ ఫోల్డరును ఖాళీచేసి నడిపి చూచి, సగము సగముగ తిరిగి చేర్చుచు దోషిని పట్టుకొనవలెను. డి.సి.ఎస్.లో ఫైళ్లను తానే సరిచూచుకొని బాగుచేసికొను రిపేరు పద్ధతి కలదు.

మా ప్రాంతపు ప్రత్యేక జబ్బు ఒకటి చెప్పి తీరవలెను. ఏప్రిల్, మే నెలలలో ఆట మొదట చక్కగ నడచి అరగంటకు కుంటుపడుచుండెను. ఎన్ని అమరికలు మార్చినను ఫలితము లేదు. చివరకు పెట్టె విప్పి చూడగా, పంకాల రెక్కలకు, గాలి పోవు సందులకు తెల్లని పొర: జిన్నింగు మిల్లుల దూది నుసుము! బయట 45 డిగ్రీల ఎండ, లోపల దూది దుప్పటి. వేడి హద్దు దాటగనే యంత్రము తనను కాపాడుకొనుటకు తన వేగము తగ్గించుకొనును. మెత్తని కుంచెతో తుడిచితిమి. పత్తి రాకడ సాగునన్ని నాళ్లు నెలకొకమారు తుడువక తప్పదు.

ఇన్ని సరిచేసినను ఇంటి సిమ్యులేటరు అందుకొనలేనివి కలవు. మన వైమానిక దళపు రంగులు వేసిన మిగ్-21 తెరమీద దొరకును. కాని మన దళములో చివరివరకు సేవచేసినది బైసన్ అను మార్పుచేసిన రకము, దాని రాడారు వేరు. రంగు మనది, లోపలి యంత్రము మనది కాదు. 9 రెట్ల బరువు మీదపడు మలుపులో 60 కిలోల మనిషి 540 కిలోలు తూగును. తెర కొంచెము నల్లబడి ఊరకుండును. ఆ బరువును నేలమీద అనుభవింపవలెనన్న బెంగళూరులోని వైమానిక వైద్య సంస్థలో వలె మనిషిని గిరగిర త్రిప్పు యంత్రము కావలెను.

రాడారుల, క్షిపణుల గుణములు ప్రభుత్వముల రహస్యములు. తయారీదారులకును పూర్తిగ తెలియవు. తెలిసికొనబోయినచో ప్రమాదము. యుద్ధవిమాన సిమ్యులేటరు సంస్థ ఉద్యోగి ఒకరు ఎఫ్-16 పుస్తకములను అమెరికానుండి అక్రమముగ తెప్పించుకొన యత్నించిన నేరమును 2019లో యూటా న్యాయస్థానమున ఒప్పుకొనెను. వార్ థండర్ అను ఆటలో తమ వాదము నెగ్గించుకొనుటకు కొందరు 2021లో యుద్ధట్యాంకుల రహస్య పత్రములనే బహిరంగముగ పెట్టిరి. ఇంటిలో కుర్రవాడు అపరిచితులతో ఇట్టి చర్చలు చేయుచున్నచో పెద్దలు ఒక కన్ను వేసియుంచవలెను. మావాడు దీనిని వినీవిననట్లు ఊరకుండెను గాని, మరునాడు తాను చేరిన ఒక చర్చాబృందమునుండి తొలగినట్లు అతని తల్లి చెప్పినది.

ఇప్పుడు అతని బల్లమీద ఒక నోటుపుస్తకము ఉన్నది. ఎడమ పుటలో చిక్కు, కుడి పుటలో మార్చినదేమో వ్రాయును. ఒకమారు ఒక్కటే మార్చును. మొన్న ఆదివారము మా అన్నగారు ప్రక్కన కూర్చుండి విమానము తన ఊరిమీదుగ పోవుట చూచిరి. గడ్డెన్న వాగు నీరు మెరసెను, మార్కెటు యార్డు రేకుల కప్పులు కనబడినవి, అంతలోనే అన్నియు వెనుకబడిపోయినవి. మఱల ఒక చుట్టు తిప్పుమని ఆయన అడిగిరి. ఆ వేగములో 30 డిగ్రీలు ఒరిగి తిరుగు విమానము గీయు వృత్తమునకు అడ్డుకొలత సుమారు 22 కిలోమీటర్లు. కుర్రవాడు కఱ్ఱను మెల్లగ ఎడమకు వంచుచు, "నాయినా, మళ్లేవరకు మహారాష్ట్రల పడ్తం, జర ఆగు" అనెను.